లెదర్ బంతికి వంద వేగం తక్కువా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇన్నాళ్లూ టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవాడు, ఈ ఏడాది లెదర్ బంతికి మారాడు. హెల్మెట్ పెట్టుకోమంటే, "మాకు వేసేవాళ్ల వేగం గంటకు వంద కిలోమీటర్లు కూడా దాటదు, 140తో వేసేవాళ్లు ఎదురైతేనే అది కావాలి" అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా. లెక్క వాడి చేతే వేయించండి. గతిజ శక్తి, అంటే కదిలే వస్తువుకు ఉండే శక్తి, వాడి తరగతి పాఠమే.

నిబంధనల ప్రకారం క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది. 160 అనుకుందాం. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. బరువును కిలోల్లోకి మార్చి, అందులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే సుమారు 62 జౌళ్లు వస్తుంది. కిలో బరువున్న కొబ్బరికాయ ఆరు మీటర్ల పైనుంచి పడితే ఉండే శక్తి దాదాపు ఇంతే. ఆ చెట్టు కింద బిడ్డను ఏ తల్లీ నిలబెట్టదు. 140 వేగానికి ఇది రెట్టింపవుతుంది, నిజమే. అంతమాత్రాన 62 చిన్నదైపోదు. పిచ్ మీద పడిన బంతి కొంత వేగం కోల్పోతుంది కానీ, నేలను తాకకుండా నేరుగా వచ్చే ఫుల్‌టాస్‌కు ఆ తగ్గుదల కూడా ఉండదు.

టెన్నిస్ బంతి 58 గ్రాములే కాబట్టి అదే వేగానికి 22 జౌళ్లు. అసలు తేడా అంకెల్లో కాదు, తగిలే తీరులో ఉంది. టెన్నిస్ బంతి తగలగానే నొక్కుకుపోతుంది, దెబ్బ కాస్త ఎక్కువ సేపు, ఎక్కువ మేర పరుచుకుంటుంది. లెదర్ బంతి అంతగా నొక్కుకోదు. ఉన్న శక్తంతా అతి తక్కువ సమయంలో, చిన్న చోట ఎముక మీద పడుతుంది. జౌళ్లు మాత్రమే చూసి ప్రమాదాన్ని అంచనా వేయవద్దని పిల్లలకు పదే పదే చెప్పేది ఇందుకే.

"వంద దాటదు" అన్నది కూడా ఊహే కదా! ఫోనులో వీడియో తీసి చూడండి. రెండు వైపులా వికెట్ల ముందు గీసే క్రీజు గీతల మధ్య దూరం 17.68 మీటర్లు. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోనులో, బంతి చెయ్యి వదిలినప్పటి నుంచి బ్యాట్ చేరేవరకు 20 ఫ్రేములు పట్టిందంటే సగటు వేగం 95 కిలోమీటర్లు. చెయ్యి వదిలినప్పుడు అంతకంటే ఎక్కువే.

బౌలర్ వేగం ఒక్కటే చూసినా చాలదు. 1998లో ఢాకాలో మన క్రికెటర్ రమణ్ లాంబా ప్రాణం తీసింది బ్యాట్స్‌మన్ కొట్టిన బంతి. ఆయన హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో, అంటే బ్యాట్స్‌మన్‌కు బాగా దగ్గరగా, ఫీల్డింగ్ చేస్తున్నాడు. 2014లో సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్‌కు హెల్మెట్ ఉంది, బంతి దాని కింద మెడకు తగిలి ప్రాణం పోయింది. అందుకే మెడను కాపాడే గార్డున్న హెల్మెట్ కొనండి, వాడి తల కొలతకు సరిపోయేదే కొనండి. బ్యాటింగ్‌కే కాదు, షార్ట్ లెగ్‌లో నిలబడినా అది తల మీద ఉండాలని కోచ్‌తో గట్టిగా చెప్పండి.