ఎండకి ఉబ్బుతున్న డ్రోన్ బ్యాటరీలు: సమాధానం

తమ్ముడూ, ఉలవపాడు మామిడి తోటల్లో మందు కొడుతుంటే మూడో రౌండుకే బ్యాటరీలు ఉబ్బుతున్నాయన్నావు. నాకైతే అది డ్రోన్ తప్పనిపించడం లేదు, ఛార్జింగ్ తొందర. దిగిన బ్యాటరీ చేతికి చుర్రుమంటుంటే ఛార్జర్‌కి తగిలించకు. చెట్టునీడన, ఫ్యాను గాలికి పూర్తిగా చల్లారనివ్వు. తడి గోనెపట్టా మాత్రం కప్పొద్దు.

నేను మిలిటరీలో డ్రోన్ల సామాను చూసేప్పుడు ప్రతి బ్యాటరీకీ నంబరేసి, ఎన్నిసార్లు ఛార్జి ఎక్కించామో పుస్తకంలో రాసేవాళ్లం. డ్రోన్‌కన్నా ఆ పుస్తకానికే కాపలా ఎక్కువ! నువ్వూ రాయి, ఏది ముసలిదైందో తెలుస్తుంది.

మామూలు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఒక్కో సెల్లు ఫుల్ అంటే 4.2 వోల్టులు. పని లేని రోజుల్లో 3.8 దగ్గర ఆపి ఉంచు. ఇప్పటికే ఉబ్బినవాటిని ఎగరెయ్యకు, గుచ్చకు, ఆటో సీటు కింద అసలే పెట్టకు. రోహిణి కార్తెలోపు ఇంకో రెండు సెట్లు కొనక తప్పదు.