ఉయ్యాల కింద నేల గురించి మేనకోడలికి

సీతమ్మధార, విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మధురవాడ ఇంటి వెనుక పిల్లలకు ఉయ్యాల, జారుడుబల్ల పెట్టించి, చుట్టూ వెడేలియా తీగ వేయించాలనుకుంటున్నట్లు రాశావు. ఆ తీగ వద్దమ్మా. పసుపు పూలతో చూడముచ్చటగా ఉంటుంది గాని, కణుపు కణుపుకూ వేరూని నేలను దట్టంగా కప్పేస్తుంది. దాని కింద ఎండ తగలక, తేమ ఆరక, జెర్రులకూ తేళ్లకూ నత్తలకూ చల్లని చోటు దొరుకుతుంది. పిల్లలు ఆడేచోట నేల కంటికి కనబడాలి, ఎండకు ఆరాలి.

ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు మా పెరటి చెట్లు కూలినప్పుడు, దుంగలను కోయించి పిల్లలు ఆడే ఇసుక పక్కనే పేర్పించాను. కొన్నాళ్లకు వాటికి చెద పట్టింది, బెరడు కింద జెర్రులు చేరాయి. బంతి కోసం చేయి పెట్టిన మనవణ్ణి ఒక సాయంత్రం జెర్రి కరిచింది. వాడు రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాడు. ఆ తప్పు ముమ్మాటికీ నాదే. అందుకే ఉయ్యాల చుట్టూ చెక్క ముక్కలు, కొబ్బరి పీచు పరవవద్దని, ఎండుటాకులను ఏ రోజువి ఆ రోజు ఊడ్పించమని గట్టిగా చెబుతున్నాను.

ఉయ్యాల కింద వాననీరు నిలవకుండా ముందు కంకర వేయించి, దానిపైన జల్లించిన నది ఇసుక అడుగు లోతున పోయించు. సముద్రపు ఇసుక దగ్గరలో ఉంది కదా అని తెప్పించకు. అందులోని ఉప్పుకు గొలుసులు తుప్పు పడతాయి, పక్కనున్న గడ్డి మాడుతుంది. రాత్రిళ్లు పిల్లులు పాడుచేయకుండా ఇసుక మీద టార్పాలిన్ వాలుగా కట్టించు, ఎందుకంటే దాని మడతలో నిలిచిన గ్లాసెడు నీళ్లు చాలు, వారం పది రోజుల్లో గుడ్డు నుంచి డెంగీ దోమ తయారవుతుంది. ఆ దోమ కుట్టేది పగటిపూట, అంటే పిల్లలు ఆడుకునే వేళలోనే. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, బొమ్మ బకెట్లు వారానికొకసారి బోర్లించి, లోపలి అంచులను తోమి ఆరబెట్టాలి. గుడ్లు అంచులకు అంటుకుని, నీళ్లు ఎండినా బతికే ఉంటాయి.

ఇసుక చుట్టూ గరిక వేయించి రెండు వేళ్ల ఎత్తుకు మించకుండా కత్తిరిస్తూ ఉండు. నాచుపూలు అక్కడ వద్దు. పూలు విచ్చిన వేళ తేనెటీగలు వాలతాయి, పిల్లలవేమో వట్టి కాళ్లు. మునగచెట్టు కూడా దూరంగానే ఉండాలి. వానాకాలంలో దాని కాండం మీద గుంపుకట్టే గొంగళిపురుగుల నూగు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు.

చీమల పుట్ట కనబడితే, పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు మరిగే నీళ్లు పోయించు, అవసరమైతే మరునాడు మళ్లీ పోయించు. ఎవరు చెప్పినా పురుగుమందు పొడి గాని, గుళికలు గాని చల్లనివ్వకు. ఫోరేట్ గుళికలను మన దేశంలో 2020 చివరి నుంచి నిషేధించారు. ఇసుకలో ఆడిన చేయి నేరుగా నోటికి పోతుందన్న సంగతి తల్లివి, నీకు తెలియనిది కాదు.

గరిక తొలకరికి బాగా నాటుకుంటుంది. జూన్ మొదటి ఆదివారం మా పెరటి నుంచి రెండు బస్తాల గరిక వేళ్లతో సహా తీసుకువస్తాను. అంతవరకు నర్సరీకి బయానా ఇవ్వకు.

ఇట్లు,
మీ మామయ్య