ఇంతవరకు బ్రష్ పట్టని అబ్బాయి బీఎఫ్‌ఏ చేస్తానంటున్నాడు

ప్రశ్న: మేడమ్, మేము వనస్థలిపురంలో ఉంటాం. మా బాబుకి ఇంటర్ ఎంపీసీ ఫస్టియర్ అయిపోయింది. మార్కులు పర్వాలేదు. నెల రోజులుగా ఇంజినీరింగ్ వద్దు, పెయింటింగ్ నేర్చుకుని బీఎఫ్‌ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చేస్తానంటున్నాడు. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేసినవాడు కాదు. రికార్డుల్లో బొమ్మలు కూడా వాళ్ల అక్కే వేసిపెట్టేది. ఇప్పుడు 8 వేల రూపాయల ఆయిల్ కలర్స్ సెట్ కొనమంటున్నాడు. వాళ్ల నాన్నగారితో రోజూ గొడవే. సెట్ కొనమంటారా? ఈ వయసులో మొదలుపెడితే వస్తుందా?

జవాబు: అమ్మా, ముందు ఆ సెట్ సంగతి తేల్చేద్దాం. కొనకండి. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటిదే ఒకటి కొన్నాను. టర్పెంటైన్ వాసనకి ఇంట్లో అందరికీ తలనొప్పి. వేసిన రంగు వారమైనా ఆరలేదు. రెండు కాన్వాస్‌లతో నా ఉత్సాహం అయిపోయింది. ఇల్లు మారేటప్పుడు అటక మీంచి దించితే ట్యూబుల మూతలు బిగుసుకుపోయి ఉన్నాయి. అసలు కారణం వాసన కూడా కాదు. అంత డబ్బు పోసి కొన్న రంగు పాడైపోతుందేమోనని చెయ్యి ముందుకు వెళ్లేది కాదు. నేర్చుకునేవాడు కాగితాలు పాడుచేయాలి, బోలెడన్ని పాడుచేయాలి. అందుకే సామాను చవగ్గా ఉండాలి.

కోఠీలోనో ఆబిడ్స్‌లోనో డ్రాయింగ్ సామాను అమ్మే షాపుకి వెళ్లండి. ఒక ఎ4 స్కెచ్‌బుక్, హెచ్‌బీ, 2బీ, 4బీ పెన్సిళ్లు, విద్యార్థులు వాడే రకం వాటర్ కలర్ ట్యూబులు 12 ఉన్న డబ్బా, గుండ్రటి బ్రష్‌లు రెండు (4, 10 నంబర్లు). దాదాపు వెయ్యి రూపాయల్లో పని అయిపోతుంది. ఒక్క కాగితం దగ్గర మాత్రం పిసినారితనం చేయకండి. మామూలు డ్రాయింగ్ షీటు మీద నీళ్ల రంగు వేస్తే అప్పడంలా ముడుచుకుపోతుంది, రంగు గుంటల్లోకి చేరి మరకలు కడుతుంది. పిల్లలేమో తమకి చేతకావడం లేదనుకుంటారు. 300 జీఎస్ఎం (కాగితం మందాన్ని చెప్పే లెక్క) కాగితం పది షీట్లు తెచ్చి నాలుగేసి ముక్కలు చేసుకుంటే నలభై బొమ్మలకి సరిపోతుంది.

ఇక వస్తుందా అన్న మాట. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది చెయ్యి తిరగడం గురించే అడుగుతారు. చెయ్యి సంగతి తర్వాత, ముందు చూపు కుదరాలి. దీనికి మీ వంటింట్లోనే సామాను ఉంది. నిగనిగలాడే వంకాయ ఒకటి తీసి కిటికీ పక్కన బల్ల మీద పెట్టండి. ట్యూబ్‌లైటు ఆపేయండి, వెలుగు ఒక్క వైపు నుంచే పడాలి. మొదటిరోజు మీవాడు ఏం చేస్తాడో ఇప్పుడే చెప్పగలను. కోడిగుడ్డులా ఒక గీత గీసి, లోపలంతా ఒకే నలుపు పులిమేస్తాడు. ఎదురుగా ఉన్న వంకాయ వైపు రెండుసార్లు కూడా చూసి ఉండడు, తనకి తెలిసిన వంకాయని వేసేస్తాడు.

అదే వంకాయని మర్నాడు మళ్లీ వేయమనండి. ఆ మర్నాడూ అంతే. కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న వివరాలు పోయి వెలుగునీడలే మిగులుతాయి. అలా చూడటం అలవాటైతే నాలుగో రోజుకో ఐదో రోజుకో అసలు సంగతి కనిపిస్తుంది. కిటికీ వైపు తెల్లటి మెరుపు, దాని చుట్టూ లేత ఊదా, అవతలి వైపు దాదాపు నలుపు, అడుగు అంచున మళ్లీ కాస్త వెలుగు. ఆ చివరిది బల్ల మీద పడి పైకి తిరిగొచ్చిన వెలుగు. దాన్ని వాడు తనంతట తాను కనిపెట్టిన రోజు బొమ్మ గుండ్రంగా లేస్తుంది. మీరు ముందే చెప్పేయకండి.

రెండు వారాలు పెన్సిల్‌తోనే. తర్వాత రంగు. నీళ్ల రంగుల్లో వెలుగు కోసం తెల్ల రంగు పూయరు, అక్కడ కాగితాన్నే ఖాళీగా వదిలేస్తారు. కాబట్టి ఆ మెరుపు ఎక్కడో ముందే చూసుకుని, దాన్ని తప్పించి లేత రంగు వేయాలి. అది ఆరాక ముదురు. ఆరేదాకా ఆగలేక తడి మీద తడి వేసి బురద చేయడం కొత్తవాళ్లందరూ చేసేదే. ఊదా ట్యూబ్ ఉన్నా తియ్యొద్దనండి. అల్ట్రామెరీన్ నీలంలో క్రిమ్సన్ ఎరుపు కలిపితే ఊదా వస్తుంది, అందులో చిటికెడు పసుపు రంగు పడితే మసకబారుతుంది. నల్ల ట్యూబ్ మొదట్లో మీ దగ్గరే దాచిపెట్టండి. నీళ్ల గ్లాసులు రెండుండాలి, ఒకటి బ్రష్ కడగడానికి, ఒకటి రంగులో కలపడానికి.

క్లాసులో చేర్చాలంటే ఒక్క జాగ్రత్త. ఒకసారి ఒక అమ్మాయి ఫ్రేమ్ కట్టించిన జలపాతం బొమ్మ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. చక్కగా ఉంది. నా బల్ల మీద తాళాల గుత్తి ఉంటే, ఇది గీసి చూపించమ్మా అన్నాను. పెన్సిల్ పట్టుకుని పది నిమిషాలు అలాగే కూర్చుంది. ఆ క్లాసులో ఫోటోలు చూసి కాపీ చేయిస్తారట, చివరి మెరుగులు సారే దిద్దేస్తారట. పాపం, పిల్ల తప్పేం లేదు. చేర్చే ముందు వెళ్లి చూడండి. పిల్లల ముందు వస్తువులుంటే మంచిదే, అందరి చేతుల్లో ఫోన్లే ఉంటే వెనక్కి వచ్చేయండి.

చూడటం నేర్చుకోవాలంటే మంచి బొమ్మల ముందు నిలబడాలి కూడా. సాలార్‌జంగ్ మ్యూజియంలో రవివర్మ బొమ్మలున్నాయి (శుక్రవారం సెలవు). మొత్తం మ్యూజియం తిప్పకుండా ఒక్క బొమ్మ ముందు ఇరవై నిమిషాలు నిలబెట్టండి. మాదాపూర్‌లో స్టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, అక్కడ మనవాళ్ల ప్రదర్శనలు జరుగుతుంటాయి. తోట వైకుంఠం బొమ్మల్లో పెద్ద బొట్టు, ముదురు రంగు చీరలతో కనిపించే తెలంగాణ ఆడవాళ్లని మీరూ చూసే ఉంటారు. ఆయనది కరీంనగర్ వైపు బూరుగుపల్లి. హైదరాబాద్‌లో చదివి, బరోడా వెళ్లి నేర్చుకుని, తిరిగి తన ఊరి మనుషుల్నే వేశారు.

వాళ్ల నాన్నగారి టెన్షన్ అర్థమైంది, అందులో తప్పేమీ లేదు. బొమ్మలు అమ్ముకుని బతకడం తేలిక కాదు, నెలనెలా వచ్చే డబ్బు కాదది. కానీ బీఎఫ్‌ఏలో పెయింటింగ్ ఒక్కటే ఉండదు. మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) అప్లైడ్ ఆర్ట్, శిల్పం, ఫోటోగ్రఫీ, యానిమేషన్ కూడా ఉన్నాయి. అప్లైడ్ ఆర్ట్ చదివినవాళ్లు యాడ్ ఏజెన్సీల వైపు, డిజైన్ వైపు వెళ్తారు. కోర్సు నాలుగేళ్లు, ఇంటర్ ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఎఫ్‌ఏడీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో మెమరీ డ్రాయింగ్ (చూడకుండా గుర్తు తెచ్చుకుని గీయడం) ఉంటుంది. వివరాలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. డ్రాయింగ్ టీచర్ కావాలనుకునేవాళ్లకి ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే లోయర్, హయ్యర్ గ్రేడ్ డ్రాయింగ్ పరీక్షలు వేరే దారి.

కాబట్టి ఇప్పుడు ఎంపీసీ మానాల్సిన పని లేదు, మానకూడదు కూడా. సెకండియర్ చదువుకుంటూనే రోజుకి నలభై నిమిషాలు. కాలేజీ నుంచి అలసిపోయి వస్తాడు కాబట్టి పొద్దున్నే అయితే మేలు, కిటికీ వెలుగు కూడా బాగుంటుంది. ప్రతి పేజీ వెనక తేదీ వేయాలి. బాగా రాని పేజీ చింపకూడదు, ఇది మాత్రం గట్టిగా చెప్పండి.

మూడు నెలలయ్యాక ముగ్గురూ కూర్చుని ఆ పుస్తకాలు తిరగేయండి. బొమ్మలు బాగున్నాయా లేదా అని నేనైతే చూడను, ఎన్ని పేజీలున్నాయో చూస్తాను. పన్నెండో పేజీ దగ్గర ఆగిపోతే వెయ్యి రూపాయలతో పోయింది, బీటెక్ దారి ఎక్కడికీ పోలేదు. అరవై పేజీలు దాటి, పరీక్షల నెలలో కూడా తేదీలు కనిపిస్తే, బీఎఫ్‌ఏ గురించి నాన్నగారు కూర్చుని మాట్లాడాల్సిందే. ఆ పుస్తకాలు పట్టుకుని ముగ్గురూ రండి. అప్పటిదాకా వంకాయ కూర వండేముందు ఒకసారి బాబుని అడగండి, వాడు వేయడం అయిందో లేదో.