డిస్క్ కొత్తది, ర్యామ్ బాగుంది, అయినా ఫైల్‌సిస్టమ్ ఎందుకు పాడవుతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: లినక్స్ సిస్టమ్, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లని అమర్చే పద్ధతి). కొన్నాళ్లకోసారి డిస్క్ దానంతటదే రీడ్-ఓన్లీ (చదవడమే తప్ప రాయడం కుదరని స్థితి) అయిపోతోంది. ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్‌ని తనిఖీ చేసి సరిచేసే ప్రోగ్రామ్) నడిపితే బోలెడు తప్పులు చూపించి సరిచేస్తోంది, మళ్లీ కథ మొదటికొస్తోంది. ఎస్‌ఎస్‌డీ మార్చారు. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిపినా ఒక్క తప్పూ రాలేదు. ఇక ప్రాసెసర్‌ని అనుమానించొచ్చా అని అడిగారు.

అనుమానించొచ్చు. అయితే అంతకంటే ముందు, ఆ సిస్టమ్ మీద ఎఫ్‌ఎస్‌సీకే నడపడం ఆపేయండి. అది కూడా అదే ప్రాసెసర్ మీద నడిచే ప్రోగ్రామే కదా. చెక్‌సమ్‌ని (డేటా మారలేదని సరిచూసుకునే అంకె) తప్పుగా లెక్కించే కోర్ (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే ఒక భాగం) మీద పడిందంటే, నిక్షేపంలాంటి ఐనోడ్‌ని (ఒక ఫైల్ వివరాలుండే రికార్డు) పాడైందనుకుని చెరిపేస్తుంది. కంచే చేను మేసినట్టు అవుతుంది. ముఖ్యంగా అన్నిటికీ 'వై' కొట్టేసే ఆప్షన్ వద్దు. డిస్క్ ఊడదీసి వేరే సిస్టమ్‌కి తగిలించి, ముందు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ మొత్తానికి నకలు (ఇమేజ్) తీసుకోండి. లోపల చూడాలంటే 'ఆర్‌ఓ' (రీడ్-ఓన్లీ) ఆప్షన్‌తో పాటు 'నోలోడ్' కూడా ఇచ్చి మౌంట్ చేయండి. ఉత్త రీడ్-ఓన్లీ అంటే ఈఎక్స్‌టీ4 జర్నల్‌ని (రాయబోయే మార్పుల చిట్టా) తిరిగి అమలుచేసి డిస్క్ మీద రాసేస్తుంది. చాలామందికి ఈ సంగతి తెలియదు.

నాకు ఇది మా బావ ఫొటో స్టూడియోలో ఎదురైంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే సిస్టమ్ అది. మొదట కనబడింది ఫైల్‌సిస్టమ్ తప్పు కాదు. జిప్ విప్పితే అప్పుడప్పుడు సీఆర్‌సీ (ఒక రకం చెక్‌సమ్) తప్పు వచ్చేది, అదే జిప్ ఇంకోసారి విప్పితే శుభ్రంగా వచ్చేది. అప్‌డేట్ చేస్తుంటే హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్రలాంటి విలువ) కలవలేదని ప్యాకేజీని తిప్పికొట్టేది. బ్రౌజర్ ట్యాబ్‌లు ఉన్నట్టుండి పోయేవి. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక సాకు దొరుకుతుంది: నెట్ బాలేదనో, ఫైల్ సరిగా దిగలేదనో. ఆ తర్వాత ఎప్పటికో, డైరెక్టరీ బ్లాక్ చెక్‌సమ్ తప్పని కెర్నల్ లాగ్ నిండిపోవడం మొదలైంది.

అదే ఫైలు, అదే పని, ఒక్కోసారి ఒక్కో జవాబు. దీన్ని పట్టుకోండి. డిస్క్ చెడితే చాలావరకు చెడిన చోటే మళ్లీ మళ్లీ చెడుతుంది. సాటా డిస్క్ అయితే స్మార్ట్ పట్టికలో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునేది) 5, 197 నంబర్ల దగ్గర అంకెలు పెరుగుతాయి, కేబుల్ తేడా అయితే 199 దగ్గర పెరుగుతుంది. మా దాంట్లో అన్నీ సున్నాలే. మెమ్‌టెస్ట్ పాసైందంటే ర్యామ్‌ని చాలావరకు నమ్మొచ్చు, కానీ ప్రాసెసర్ గురించి అది చెప్పేది తక్కువ. అది మెమరీలో ఒక నమూనా రాస్తుంది, తిరిగి చదువుతుంది, అంతే. ప్రాసెసర్‌లో వెక్టర్ లెక్కలు (ఒకేసారి చాలా అంకెల మీద చేసేవి) చేసే భాగం, ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ చేసే భాగం ఆ పరీక్షలో దాదాపు ఖాళీగానే కూర్చుంటాయి.

ప్రాసెసర్ మీద నింద వేసే ముందు బయోస్‌ని డిఫాల్ట్‌కి తెచ్చి చూడండి. ఎక్స్‌ఎమ్‌పీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపేయండి, పెట్టెమీద ఏం రాసినా అది ఓవర్‌క్లాకే. అండర్‌వోల్ట్ చేసి (ప్రాసెసర్‌కి వోల్టేజీ తగ్గించి) ఉంటే అదీ తీసేయండి. ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై) ఇంకోటి అరువు దొరికితే మార్చి చూడండి. విసుగు పని, తప్పదు.

ఇప్పుడు అసలు పరీక్ష. లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి, మీ డిస్క్‌ని ముట్టుకోనక్కర్లేదు. రెండు మూడు జీబీల ఫైల్ ఒకటి తీసుకుని, దాని షా256 (ఒక రకం హ్యాష్) విలువ వేరే సిస్టమ్‌లో లెక్కించి కాగితం మీద రాసుకోండి. ఆ ఫైల్‌ని టీఎమ్‌పీఎఫ్‌ఎస్‌లోకి, అంటే నేరుగా ర్యామ్‌లోకి కాపీ చేయండి. తర్వాత టాస్క్‌సెట్ కమాండ్‌తో షా256సమ్‌ని 0వ సీపీయూకి కట్టేసి ఓ వందసార్లు తిప్పండి, తర్వాత 1వ దానికి, అలా చివరిదాకా. ఇందులో కిటుకు ఏమిటంటే, అన్ని కోర్లూ చదివేది ర్యామ్‌లో అదే చోటు. ఆ చోట బిట్ తిరగబడి ఉంటే అన్ని కోర్లకీ ఒకటే తప్పు జవాబు వస్తుంది. మిగతావన్నీ సరిగ్గా చెబుతుంటే ఒక్క కోర్ మాత్రమే అప్పుడప్పుడు వేరే విలువ చెబితే, తేడా ఆ కోర్‌లోనో, దాని సొంత క్యాష్‌లోనో (పక్కనే ఉండే చిన్న మెమరీ) ఉన్నట్టు.

మా దాంట్లో 5, 13 నంబర్లు మాత్రమే తప్పాయి. ఎల్‌ఎస్‌సీపీయూ కమాండ్ ఇచ్చే పట్టికలో చూస్తే ఆ రెండూ ఒకే భౌతిక కోర్‌కి చెందిన రెండు థ్రెడ్లు (లినక్స్ ఒక్కోదాన్ని ఒక్కో సీపీయూగా లెక్కేస్తుంది). అప్పటిదాకా ఉన్న అనుమానం అక్కడితో తీరిపోయింది. ఏదో గాలివాటంగా వచ్చే తప్పులైతే సరిగ్గా ఆ జంట మీదే పడవు. ఇంకో మాట: ఉదయం సిస్టమ్ చల్లగా ఉన్నప్పుడు ఏ తప్పూ రాలేదు. మిగతా కోర్ల మీద భారం వేసే స్ట్రెస్-ఎన్‌జీ ప్రోగ్రామ్ నడిపి వేడెక్కించాకే బయటపడింది. కాబట్టి ఒకసారి పాసైందని వదిలేయకండి.

షా256 ఒక్కటే చాలదు, అది ప్రాసెసర్‌లో కొన్ని భాగాలనే వాడుతుంది. జెడ్‌స్టాండర్డ్‌తో కుదించి విప్పడం, భారీ లెక్కలతో పరీక్షించే ఎమ్‌ప్రైమ్ నడపడం కూడా చేయండి. కుదించడం ఒక కోర్ మీద, విప్పడం వేరే కోర్ మీద చేయాలి, రెండూ ఒకే కోర్ మీద వద్దు. ఎందుకంటే, 2021లో గూగుల్ ఇంజినీర్లు తమ డేటాసెంటర్లలో తప్పు లెక్కలు చేసే కోర్ల గురించి ఒక పత్రం రాశారు. అందులో ఒక కోర్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌ని ఎప్పుడూ ఒకే రకంగా తప్పు చేసేది. అదే కోర్ మీద డీక్రిప్ట్ చేస్తే అసలు డేటా చక్కగా తిరిగొచ్చేది, వేరే చోట విప్పితే చెత్త వచ్చేది. ఇంట్లో లక్స్ డిస్క్ ఎన్‌క్రిప్షన్ వాడేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

అదే ఏడాది ఫేస్‌బుక్ వాళ్లు రాసిన పత్రం మీ సమస్యకి ఇంకా దగ్గర. వాళ్ల డేటాబేస్‌లో కొన్ని ఫైళ్లు మాయమవుతున్నాయి. కుదించిన ఫైల్‌ని విప్పే ముందు దాని సైజు చూస్తే సున్నా అని వస్తోంది, సున్నా కాబట్టి ప్రోగ్రామ్ దాన్ని వదిలేస్తోంది. తవ్వుకుంటూ పోతే చివరికి ఒకే సిస్టమ్‌లో ఒకే కోర్ దొరికింది, 59వ నంబరుది. 1.1ని 53వ ఘాతానికి లెక్కించి పూర్ణాంకం ఇమ్మంటే 156 రావాలి, దానికి 0 వచ్చేది. 52వ ఘాతానికి మాత్రం 142 అని సరిగ్గానే చెప్పేది! డిస్క్ తప్పు లేదు, ర్యామ్ తప్పు లేదు, ఎర్రర్ మెసేజ్ ఒక్కటీ లేదు, ఫైళ్లు మాత్రం లేవు.

అందుకే కెర్నల్ లాగ్‌లో మెషిన్ చెక్ తప్పులేవీ (ప్రాసెసర్ తనలో తానే పట్టుకుని చెప్పేవి) లేవని ప్రాసెసర్‌కి క్లీన్ చిట్ ఇవ్వకండి. వాటిని నమోదు చేసే ర్యాస్‌డీమన్ పెట్టుకోండి, విండోస్‌లో అయితే వీయా-లాగర్ ఎంట్రీలు చూడండి. ఉంటే మంచి ఆధారమే. కానీ ప్రాసెసర్‌లో క్యాష్‌లకు ఉన్నంత కాపలా లెక్కలు చేసే భాగాలకు ఉండదు. తప్పు లెక్క చేసిన కోర్‌కి అది తప్పని తెలియదు, ఇంక ఏం రిపోర్టు చేస్తుంది?

మీ ప్రాసెసర్ ఏ తరానిదో రాయలేదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్ అయితే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. వోల్టేజీ అవసరానికి మించి వెళ్లి కోర్లు అరుగుతున్నాయని ఆ కంపెనీయే 2024లో ఒప్పుకుని, ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్‌కి సవరణలు) ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ మైక్రోకోడ్ ఇకముందు అరుగుదలని ఆపడానికే, ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచేయదు. 2017లో వచ్చిన తొలి రైజెన్ చిప్‌లలో కొన్ని లినక్స్‌లో భారీ కంపైల్ పనులకి సెగ్‌ఫాల్ట్ అయ్యేవి (నడుస్తున్న ప్రోగ్రామ్ ఉన్నట్టుండి ఆగిపోయేది), ఏఎమ్‌డీ వాటిని మార్చి ఇచ్చింది. మా బావ సిస్టమ్‌లోది ఈ రెండింటిలో ఏదీ కాదు, మామూలుగా చెడిపోయిన చిప్.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టమ్‌కి మారితే సరిపోతుందా అన్నారు. సగం. 5.2 కెర్నల్ నుంచి అది మెటాడేటాని (ఫైళ్ల గురించిన వివరాలని) డిస్క్ మీద రాసేముందే ఒకసారి పొందిక చూసుకుంటుంది, తేడా ఉంటే రాయడం ఆపేస్తుంది. అది నిజంగా పనికొచ్చే విషయం. మీ ఈఎక్స్‌టీ4 చెక్‌సమ్‌లు మెటాడేటాకే, ఫైల్ లోపలి డేటాకి లేవు. జర్నల్ ఉన్నది కరెంటు పోయినప్పుడు కాపాడడానికి. కానీ డేటా చెక్‌సమ్ వేసేలోపే తప్పిపోయి ఉంటే, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయినా జెడ్‌ఎఫ్‌ఎస్ అయినా ఆ తప్పు డేటాకే శ్రద్ధగా చెక్‌సమ్ వేసి దాచిపెడతాయి.

చిప్ మార్చడం సులువు. ఆ చెడ్డకాలంలో రాసిన ఫైళ్లలో ఏవి నిలిచాయో తేల్చడమే కష్టం. పాత బ్యాకప్ మీద కొత్త బ్యాకప్ రాయొద్దు, పాతదాన్ని పక్కన పెట్టి ఇంకో డిస్క్ వాడండి. ఆరోగ్యంగా ఉన్న సిస్టమ్‌లో రెండింటినీ పెట్టి, ఫైళ్లని పోల్చే ఆర్‌సింక్‌ని చెక్‌సమ్, డ్రై-రన్, ఐటమైజ్ ఆప్షన్లతో నడపండి. వచ్చే జాబితాలో 'సీ' ఉండి 'ఎస్', 'టీ' లేని వరుసలు ఏరుకోండి. అంటే సైజు మారలేదు, తేదీ మారలేదు, లోపలి సరుకు మాత్రం మారింది. ఎవరూ ఎడిట్ చేయకుండా మారిన ఫైళ్లు అవే. మాకు అలా కొన్ని ఆల్బమ్‌ల ఫొటోలు దొరికాయి, పాత బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకున్నాం. బ్యాకప్ లేని వీడియోలని ఎఫ్‌ఎఫ్‌ఎమ్‌పెగ్ అనే వీడియో ప్రోగ్రామ్‌తో మొదటినుంచి చివరిదాకా డీకోడ్ చేయించి, తప్పు చూపించినవి విడిగా పెట్టాం. ఒక సంగీత్ వీడియో మధ్యలో పోయింది, దానికి మందు లేదు.

కొత్త ప్రాసెసర్ వచ్చేలోపు సిస్టమ్ నడపాలంటే, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ సెట్టింగులు ఫైళ్లలా కనబడే చోటు) ఆ కోర్ రెండు థ్రెడ్‌ల 'ఆన్‌లైన్' ఫైళ్లలో 0 రాసి దాన్ని ఆపేయొచ్చు. 0వ సీపీయూని మాత్రం మామూలుగా ఆపనివ్వదు. బూట్ అయిన ప్రతిసారీ మళ్లీ రాయాలి, ఈలోపు కెర్నల్ అప్పటికే ఆ కోర్‌ని వాడేసి ఉంటుంది, అందుకని ముఖ్యమైన డేటా డిస్క్‌ని అది ఆపాకే చేత్తో మౌంట్ చేసుకోండి. మేము అలాగే నడిపాం, మళ్లీ తప్పు రాలేదు. అదీ ఒక రుజువే.

వారంటీకి వెళ్లేటప్పుడు కోర్ల వారీగా వచ్చిన హ్యాష్‌ల లాగ్ పట్టుకెళ్లండి. వాళ్ల పరీక్ష ప్రోగ్రామ్ పాసైందని తిప్పి పంపబోతే, ఏ కోర్, ఎంత వేడిలో, ఎన్నిసార్లు తప్పిందో చూపించండి. మీది బాక్స్ ప్రాసెసరా (కంపెనీ పెట్టెలో వచ్చేది), ట్రే ప్రాసెసరా (పెట్టె లేకుండా టోకుగా వచ్చేది) అన్నది బిల్లు మీద చూసుకోండి. ట్రే అయితే మామూలుగా కంపెనీ నేరుగా వారంటీ ఇవ్వదు, అమ్మిన షాపే చూడాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో ఇంకెక్కడో అసెంబుల్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి తమది ట్రే అని ఆరోజే తెలుస్తుంది. పరీక్ష చేశాక ఏ నంబర్లు తప్పాయో, ఎల్‌ఎస్‌సీపీయూలో అవి ఒకే కోరో కాదో ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.