పాత మాన్షన్ కొనబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

టోక్యోలోని నిషి కసాయ్‌లో ఒక మాన్షన్, అంటే ఇక్కడి మాటలో అపార్ట్‌మెంటు ఇల్లు, చూశానని ఫోన్‌లో చెప్పావు. 1979లో కట్టింది, 58 చదరపు మీటర్లు, లోపలంతా కొత్తగా చేసి ఇస్తున్నారు అన్నావు. సంతోషం నాన్నా. కానీ ఆ "కొత్తగా చేసి" అన్నచోటే నా మనసు ఆగిపోయింది. వాల్‌పేపరూ వంటగట్టూ మార్చడం ఎంతసేపు? నువ్వు కొనేది ఆ గదుల్నే కాదు, బిల్డింగు మొత్తంలో నీ వాటాని. అందుకే ఇక్కడివాళ్ళు మాన్షన్ కొనేటప్పుడు నిర్వహణను చూసి కొనమంటారు.

ముందు భూకంపం సంగతి. 1981 జూన్ 1 నుంచి కట్టడాల నిబంధనలు గట్టిపడ్డాయి. నువ్వు చూసింది అంతకు ముందుది. 1995లో కోబే భూకంపంలో బాగా దెబ్బతిన్నవి ఎక్కువగా పాత నిబంధనల కట్టడాలే. "తైషిన్ షిందాన్" అనే దృఢత్వ పరీక్ష చేయించారా, ఫలితమేమిటని అడుగు. 1982లో పూర్తయిందని చెప్పే ఇల్లయినా నమ్మేయకు. లెక్కలోకి వచ్చేది పూర్తయిన తేదీ కాదు, కట్టడానికి అనుమతి వచ్చిన తేదీ.

ఇక డబ్బు. నెలనెలా నిర్వహణ రుసుము వేరు, "షూజెన్ త్సుమితతేకిన్" అనే మరమ్మతుల నిధి వేరు. ఆ నిధికి నెలకు 6,000 యెన్‌లే అని ఏజెంటు మురిపెంగా చెప్పాడన్నావు కదా, నాకు భయమేసింది అక్కడే. 20 అంతస్తుల లోపు, మొత్తం 5,000 చదరపు మీటర్లకు మించని బిల్డింగుకు ప్రభుత్వ మార్గదర్శకం చెప్పే సగటు చదరపు మీటరుకు నెలకు 335 యెన్‌లు. నీ ఇంటికి లెక్కేస్తే 19,000 దాటుతుంది. ఇప్పుడు తక్కువ కడితే పెద్ద మరమ్మతు వచ్చిన రోజున అందరిమీదా ఒక్కసారి పడుతుంది. బిల్డింగు యజమానుల సంఘం ఖాతాలో ఎంతుంది, ఎవరెవరు బకాయి ఉన్నారు అని కాగితం మీద తెప్పించుకో. పాత యజమాని కట్టని బకాయి కొన్నవాడిమీదకే వస్తుంది, చట్టమే అలా ఉంది.

పైపుల గురించి నా సొంత గొడవ చెబుతాను. మా పాత ఇంట్లో మురుగునీటి గొట్టం మా నేల కిందుగా, అంటే కింది ఇంటి సీలింగ్ లోపల పోయేది. ఒక రోజు కింద ఉండే ముసలావిడ వచ్చి, నా కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయి అంది. వెళ్ళి చూస్తే పొయ్యి పక్కన ప్లాస్టిక్ బకెట్ పెట్టుకుని కూర్చుంది పాపం. మిఠాయి పెట్టె పట్టుకుని క్షమాపణ చెప్పుకుని, ఆవిడ సీలింగే కోయించాల్సి వచ్చింది. గొట్టాలు ఎక్కడ నడుస్తున్నాయో, ఏ సంవత్సరంలో మార్చారో అడగకుండా అడ్వాన్స్ ఇవ్వకు. ఇంటి తలుపు పక్కన మీటర్లుండే ఇనుప పెట్టె తలుపు తెరిపించి, టార్చి వేసి చూడు. గొట్టం కీళ్ళ దగ్గర తుప్పు ఉందా, నీటి చారలు దిగాయా అన్నది నీకే కనబడుతుంది. చెత్త వేసే చోటూ, సైకిళ్ళ షెడ్డూ, నోటీసు బోర్డూ చూసి రా.

ఇక వరద సంగతి. నిషి కసాయ్ ఉన్న ఎదోగావా వార్డులో చాలా నేల సముద్రమట్టానికి తక్కువే. 2019లో వార్డు పంచిన హజార్డ్ మ్యాప్ (వరద ముప్పు చూపే పటం) మీదే "ఇక్కడ ఉండకూడదు" అని రాసుంది. అదే ఏడాది తుఫానుకి టోక్యో పక్కనున్న కవాసాకి ఊళ్ళోని ముసాషి కొసుగిలో ఒక టవర్ కింది కరెంటు గది మునిగి, పైవాళ్ళు లిఫ్టూ కరెంటూ లేక అల్లాడారు. మీ బిల్డింగు కరెంటు పరికరాలు ఏ అంతస్తులో ఉన్నాయో తెలుసుకో.

బ్రోకర్ కమీషన్ కూడా చేతిలో ఉంచుకో. 2 కోట్ల యెన్‌ల ఇంటికి గరిష్ఠంగా పన్నుతో కలిపి 7,26,000 అవుతుంది.

ఆఖరుకి ఒక్కటి. సంఘం సమావేశాల మినిట్స్, మూడేళ్ళవైనా, అడిగి తెప్పించు. ఎవరు ఎవరితో తగువులాడుతున్నారో, లీకులెక్కడో అన్నీ అందులో ఉంటాయి. ఫోటోలు తీసి నాకు పంపు, ఆదివారం ఫోన్‌లో కలిసి చదువుదాం. అంతవరకూ సంతకం పెట్టకు. మీ అత్తయ్య ఆశీస్సులు చెప్పమంది.

మీ మామయ్య