డబ్బు కట్టే ముందు చెవితో పోల్చి చూడు

చిరంజీవి చిన్నికి పెదనాన్న ఆశీస్సులు.

నెలనెలా డబ్బు కట్టి పాటలు వినే యాప్‌లలో స్పాటిఫైలోనే ఉండాలా, ఆపిల్ మ్యూజిక్‌కు మారాలా అని అడిగావు. ఇది అంకెలు చూసి తేల్చుకునే విషయం కాదు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. పాటను కుదించి, చాలాకాలం 320 కిలోబిట్ల దగ్గరే ఆగిన స్పాటిఫై 2025లో లాస్‌లెస్ (ఏ సమాచారమూ పోని పాట) మొదలుపెట్టింది, ఆపిల్ 2021 నుంచే ఇస్తోంది. అయితే నీ బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వచ్చిన పాటను మళ్లీ కుదించి చెవికి చేరవేస్తాయి కనుక, పోల్చేటప్పుడు తప్పకుండా వైరున్న హెడ్‌ఫోన్లు పెట్టుకో. మొబైల్ డేటా మీద నాణ్యత దానంతటదే తగ్గిపోకుండా, పాటలను అత్యధిక నాణ్యతలో ముందే డౌన్‌లోడ్ చేసుకో.

అన్నిటికంటే ఎక్కువగా మోసగించేది శబ్దపు స్థాయి. ఒకే పాట రవ్వంత బిగ్గరగా వినిపించినా, మన చెవి దాన్నే మేలైనదిగా ఎంచుతుంది. అందుచేత పాటల శబ్దపు స్థాయిని ఒక్కో యాప్ తన లెక్కలో సరిచేసే ఏర్పాట్లను, అంటే స్పాటిఫైలో ఆడియో నార్మలైజేషన్‌ను, ఆపిల్‌లో సౌండ్ చెక్‌ను ఆపివేయి. చుట్టూ నుంచి శబ్దం వచ్చినట్టు వినిపించే డాల్బీ అట్మాస్‌లో గొంతులు, వాద్యాలు వేరేగా కలిపి ఉంటాయి కనుక దాన్నీ ఆపు. అప్పటికీ స్థాయిలో తేడా ఉంటే, రెండు చోట్లా ఉన్నవి ఒకే మాస్టర్ (విడుదలకు సిద్ధంచేసిన మూలప్రతి) కాకపోవచ్చు.

పాత తెలుగు పాటల విషయంలో ఈ చివరి మాట మరీ ముఖ్యం. ఒక చోట గ్రామఫోను రికార్డు నుంచి ఎక్కించిన ప్రతి, మరో చోట గరగరతోపాటు గాయకుడి ఊపిరిని కూడా తుడిచేసిన ప్రతి ఉంటే, నీవు పోల్చేది యాప్‌లను కాదు, ఆ ప్రతులను. నా మట్టుకు నాకు, మంచి ప్రతి 256 కిలోబిట్లలో ఉన్నా, చెడ్డ ప్రతి లాస్‌లెస్‌లో ఉన్నదానికంటే వేయిరెట్లు నయం.

ఏ పాట వినాలంటావా? భజనలో చిడతలు, నాట్యంలో గజ్జెలు, కచేరీ చివర చప్పట్లు విను. కుదింపు ఎక్కువైతే చిడత దెబ్బకు ముందే సన్నని చెదురు వినిపిస్తుంది, చప్పట్లు విడివిడిగా కాక బుసబుసమంటాయి. ఒక్క గొంతు, తంబురా ఉన్న పాటలో ఇది అంత సులువుగా పట్టుబడదు.

ఏది మోగుతోందో నీకు తెలియకుండా మీ తమ్ముడిచేత పాటలు మార్పించు, నీ జవాబులను వాడినే రాయమను. పదిసార్లలో ఐదారు జవాబులు మాత్రమే సరైనవైతే నీకు తేడా తెలియడం లేదన్నమాట. అప్పుడు నీకిష్టమైన పాటల మంచి ప్రతులు ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడికే డబ్బు కట్టు.

ఇట్లు,
నీ పెదనాన్న