నిలువుగా పెరిగే కాక్టస్ జాతుల గుర్తింపు, వాటి ఆల్కలాయిడ్లలో తేడాలు

ప్రశ్న: అంటు కట్టేందుకు వేరుమూలంగా నిలువు కాక్టస్ మొక్కలను పెంచుతున్నాను. ఒకే పేరుతో తెచ్చిన ముక్కల్లో కొన్నింటికి ఆరు గట్లు, కొన్నింటికి ఎనిమిది ఉన్నాయి, ముళ్లు కూడా ఒకేలా లేవు. ఇవన్నీ ఒకే జాతివేనా? నరికేసిన కొమ్మలను పశువులకు వేయవచ్చా?

జవాబు: గట్ల లెక్కను బట్టి జాతిని నిర్ధారించకండి. ఒకే మొక్కలో లేత కొమ్మకు ఐదు గట్లు ఉండి, ముదిరి లావెక్కాక ఏడో ఎనిమిదో కావచ్చు. ముళ్ల పొడవు కూడా ఎండను బట్టి, కొమ్మ వయసును బట్టి మారుతుంది.

ముందుగా ఒక కొమ్మకు చిన్న గాటు పెట్టి చూడండి. తెల్లని పాలు కారితే అది కాక్టస్ కాదు, యుఫోర్బియా కుటుంబపు జెముడు. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కనుక జాగ్రత్తగా ఉండండి. పాలు రాకుండా, ముళ్లన్నీ నూగుతో నిండిన చిన్న దిమ్మల నుంచే గుత్తులుగా పుడుతుంటే అది అసలైన కాక్టస్.

ఆ తరువాత నమ్మదగిన ఆధారం పువ్వే. సీరియస్, ట్రైకోసీరియస్ ప్రజాతులు (దగ్గరి సంబంధమున్న జాతుల సమూహాలు) రెండింటిలోనూ పెద్ద తెల్లని పూలు రాత్రివేళ విచ్చుకుంటాయి కాబట్టి దూరం నుంచి తేడా తెలియదు. పువ్వు కింది గొట్టాన్ని దగ్గరగా పరిశీలించండి: పొలుసుల మొదళ్లలో దట్టమైన నూగు ఉంటే ట్రైకోసీరియస్ (దీనిని చాలామంది ఎకినాప్సిస్‌లో కలుపుతారు), నూగు లేకుండా నున్నగా ఉంటే సీరియస్. పూత రాని మొక్కల్లో ముళ్ల దిమ్మకు పైన కనిపించే 'వి' ఆకారపు గీత ట్రైకోసీరియస్ పచనాయి జాతిని అనుమానించడానికి పనికొస్తుంది గానీ, ఒక్క ఆ గుర్తుతోనే నిర్ధారణకు రాకూడదు. పేర్లలోనూ చిక్కు ఉంది. సీరియస్ పెరువియానస్ పేరుతో అమ్మే మొక్క, ట్రైకోసీరియస్ పెరువియానస్ వేర్వేరు మొక్కలు. చీటీ మీద 'పెరువియానస్' అని మాత్రమే ఉంటే ఏదీ తేలదు.

ఈక్వడార్, పెరూ దేశాల ఆండీస్ కొండలకు చెందిన పచనాయి, బొలీవియాకు చెందిన బ్రిడ్జెసియై వంటి జాతులు ఒకదానితో ఒకటి సులువుగా సంకరమవుతాయి. అందుకే విత్తనంతో పెంచిన మొక్కలు తల్లి మొక్కను పోలి ఉంటాయన్న భరోసా లేదు.

ఆల్కలాయిడ్ల (మొక్కల్లో తయారై, శరీరంపై ప్రభావం చూపే రసాయనాల) విషయంలో జాతి పేరు ఇంకా తక్కువ చెబుతుంది. ట్రైకోసీరియస్ వర్గంలో మెస్కలిన్ (భ్రాంతులు కలిగించే పదార్థం), టైరమిన్, హార్డెనిన్ వంటివి కనిపిస్తాయి. 2010లో వెలువడిన ఒక అధ్యయనం 14 రకాలను విశ్లేషించగా, ఎండు బరువులో మెస్కలిన్ 0.053 శాతం నుంచి 4.7 శాతం వరకు ఉన్నట్లు తేలింది. ఇంత అంతరానికి తల్లి మొక్క వంశమే ముఖ్య కారణమని నా అభిప్రాయం. వయసు, నీటి ఎద్దడి, రుతువు కూడా ప్రభావం చూపవచ్చు. పైగా ఒకే కొమ్మలో తొక్క కింది పచ్చని పొరలోనూ, నడిమి దూటలోనూ ఒకే మోతాదు ఉండదు కాబట్టి, ఒక్క ముక్కకు చేయించిన పరీక్ష తోటంతటికీ వర్తించదు.

అందువల్ల ఈ కొమ్మలను పశువులకు వేయవద్దు, మనుషులూ తినకూడదు. మేత అవసరమైతే ముళ్లులేని నాగజెముడు (ఒపన్షియా) రకాలు అందుకోసమే పెంచుతున్నవి. మెస్కలిన్ 1971 నాటి అంతర్జాతీయ మనోప్రేరక పదార్థాల ఒప్పందం కింద నియంత్రిత పదార్థం. మొక్కల పెంపకంపై నిబంధనలు దేశాన్ని బట్టి మారుతాయి కనుక అమ్మేముందు వాటిని తెలుసుకోండి.

ఇకపై ప్రతి ముక్కకూ తల్లి మొక్క సంఖ్యతో చీటీ కట్టండి. పూత వచ్చినప్పుడు ఒక పువ్వును గొట్టంతో సహా నిలువుగా చీల్చి ఫొటో తీసి, ముళ్ల దిమ్మ ఫొటోనూ జతచేసి పంపితే, కనీసం ప్రజాతి వరకు చెప్పగలం.